స్టేజీ మీది కార్టూన్‌కి పిల్లల మాట వినపడాలి

ఛోటా భీమ్ ఇంట్లో టీవీలో రోజూ వస్తాడు. యూట్యూబ్‌లో అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాడు. టికెట్ అక్కర్లేదు, పార్కింగ్ టెన్షన్ లేదు. అదే భీమ్ స్టేజీ మీదికి వస్తున్నాడని ఫ్లెక్సీ కనపడితే మాత్రం నలుగురున్న కుటుంబం రెండు వేలు పెట్టి, ఆదివారం సాయంత్రం విజయవాడ బెంజిసర్కిల్ ట్రాఫిక్ దాటుకుని హాలుకి వెళ్తుంది. ఎందుకు?

పెద్దవాళ్లని అడిగితే చాలా కారణాలు చెబుతారు. పిల్లాడు మారాం చేశాడు, పక్కింటివాళ్లు వెళ్తున్నారు, సెలవులిచ్చాక ఎక్కడికీ తీసుకెళ్లలేదు. పిల్లల వైపు నుంచి చూస్తే కారణం ఒక్కటే. టీవీలో భీమ్‌ని వాళ్లు చూస్తారు, భీమ్ వాళ్లని చూడడు. హాల్లో అయితే భీమ్ కూడా తనని చూస్తాడని, తను గట్టిగా అరిస్తే వింటాడని నాలుగేళ్ల పిల్ల నమ్ముతుంది. టికెట్ కొన్నది ఆ నమ్మకానికే. ఈ వ్యాపారమంతా దాని మీదే నిలబడి ఉంది. విచారమేమిటంటే, ఊరూరూ తిరిగే కార్టూన్ షోలు చాలావరకు ఆ ఒక్కటీ ఇవ్వలేని పద్ధతిలో తయారవుతున్నాయి. అలా ఎందుకు జరుగుతోందో, విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో దాన్ని ఎలా సరిచేయవచ్చో చూడాలి.

ట్రాక్ మీద నడిచే నాటకం

పెద్ద తలలు, స్పాంజి ఒళ్లు ఉన్న డ్రెస్సుల్లో నటులు ఆడే షోలో పాటలు, మాటలు, గుద్దుల చప్పుళ్లు, మధ్యలో పిల్లలు జవాబు చెప్పడానికి వదిలిన ఖాళీ కూడా ముందే స్టూడియోలో రికార్డు చేస్తారు. ఆ రికార్డింగే ట్రాక్. ఊళ్లో షో మొదలయ్యేటప్పుడు సౌండ్ ఆపరేటర్ ప్లే నొక్కుతాడు. ఇంటర్వెల్ దాకా అది ఆగదు. స్టేజీ మీద ఉన్నవాళ్లు దానికి తగ్గట్టు కదులుతారు.

దీన్ని సోమరితనం అనుకోవడం తప్పు. తలకాయ లోపల ఉన్న మనిషి మాట్లాడితే గొంతు గుహలోంచి వచ్చినట్టు వస్తుంది. లోపల గాలి కోసం పెట్టే చిన్న బ్యాటరీ ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుంది. పిల్లలు గుర్తుపట్టేది టీవీలో విన్న గొంతునే కాబట్టి వేరే గొంతు వినపడితే వెంటనే పట్టేస్తారు. ఆ గొంతు ఇచ్చిన డబ్బింగ్ ఆర్టిస్టు ఊరూరూ తిరగలేడు. పైగా నటుడికి జ్వరం వస్తే అదే డ్రెస్సులోకి ఇంకొకరిని దింపవచ్చు. లైట్లు మారే క్షణాలు ట్రాక్‌తో ముడిపడి ఉంటాయి గనుక ఏ ఊళ్లో ఆడినా షో ఒకేలా వస్తుంది. బొమ్మ హక్కులున్న కంపెనీకి కావాల్సింది కూడా ఆ ఒకేలా ఉండడమే.

డ్రెస్సులో ఉన్న మనిషి పని చాలా కష్టం. సాధారణంగా నోటి దగ్గరో కళ్ల దగ్గరో ఉన్న సన్నటి జాలీలోంచే అతనికి బయటి ప్రపంచం కనపడుతుంది. పక్కలు కనపడవు, కాళ్ల దగ్గర నిలబడ్డ చిన్నపిల్ల అసలే కనపడదు. అందుకే పాత్ర ప్రేక్షకుల్లోకి వచ్చినప్పుడల్లా పక్కన ఒక సహాయకుడు తప్పనిసరిగా ఉండాలి. బొమ్మ ముఖం కదలదు కాబట్టి మాట్లాడుతున్నది తనేనని తెలియడానికి ప్రతి మాటకీ తల, చేతులు, నడుము కదిలించాలి. ఇంకొక పాత్ర మాట్లాడుతున్నంతసేపూ కదలకుండా నిలబడాలి. ఈ రెండో నియమం తప్పితే భీమ్ మాట అతని పోటీదారు కాలియా అన్నట్టు అనిపించి పిల్లలు తికమకపడతారు. ఇదంతా చెమటతో తడిసి ముద్దవుతూ చేయాలి. ఏసీ హాల్లో కూడా ఇరవై ముప్ఫై నిమిషాలకోసారి తల తీసి నీళ్లు తాగాల్సిన పని ఇది. మేలో బెజవాడలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో ఆరుబయట, షాపు ఓపెనింగుల ముందు, అదే రకం డ్రెస్సులో కుర్రాళ్లని గంటలకొద్దీ నిలబెట్టడం చూస్తుంటాం. ఇది అమానుషం. వడదెబ్బకి తలుపు తెరిచినట్టే.

కాబట్టి ట్రాక్ అవసరమే. చిక్కంతా ట్రాక్‌లో వదిలే ఖాళీ దగ్గర వస్తుంది. "పిల్లలూ, కాలియా ఎటు వెళ్లాడు?" అని భీమ్ అడుగుతాడు. ట్రాక్‌లో నాలుగు సెకన్లు వదిలారు. ఒక ఊళ్లో పిల్లలు వెంటనే చెప్పేసి ఎదురుచూస్తుంటారు. ఇంకో ఊళ్లో మొదట సిగ్గుపడి, తర్వాత ఒకరు అరిస్తే అందరూ అందుకుని పది సెకన్ల పాటు అరుస్తారు. ఆ అరుపుల మధ్యలోనే "ఓహో, అటు వెళ్లాడా!" అని భీమ్ తర్వాతి డైలాగులోకి వెళ్లిపోతాడు. పిల్లలు కుడివైపు చూపించినా ట్రాక్‌లో ఎడమ అని ఉంటే భీమ్ ఎడమకే పరుగెత్తుతాడు. ఆరేడేళ్ల పిల్లలు దీన్ని పట్టేస్తారు. అంతకంటే చిన్నవాళ్లకి ఏం జరిగిందో తెలియదు గానీ మూడోసారి అడిగేసరికి గొంతులు తగ్గిపోతాయి.

టీవీ చేయలేని పని

పిల్లల కార్యక్రమంలో పాత్ర ప్రశ్న అడిగి ఆగడాన్ని టీవీ చాలా శ్రద్ధగా వాడుకుంది. అమెరికాలో 1996లో మొదలైన బ్లూస్ క్లూస్, 2000లో మొదలైన డోరా ఈ పద్ధతి మీదే నడిచాయి. సన్ నెట్‌వర్క్ వారి ఖుషీ టీవీ 2009లో వచ్చాక తెలుగు ఇళ్లలోనూ డోరాకి జవాబులు చెబుతూ ఒక తరం పిల్లలు పెరిగారు. డోరాలో దొంగతనానికి వచ్చే గుంటనక్కని ఆపాలని సోఫా మీద నిలబడి అరిచినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

బ్లూస్ క్లూస్ విషయంలో ఒక ముఖ్యమైన పరిశోధన 1999లో వచ్చింది. ఒకే ఎపిసోడ్‌ని వరసగా ఐదు రోజులు చూపిస్తే పిల్లలు విసుగెత్తలేదు. రోజులు గడిచేకొద్దీ జవాబులు చెప్పడం పెరిగింది. జరగబోయేది తెలిసి ఉండడం చిన్నపిల్లలకి హుషారునిస్తుంది. స్టేజీ షో రాసేవాళ్లకి ఇందులో పాఠం ఉంది. భీమ్ ఉండే ధోలక్‌పూర్‌కి కొత్త గ్రహాంతరవాసిని తీసుకురానక్కర్లేదు. లడ్డూలు మాయమవడం, కాలియా గొప్పలకు పోయి బోల్తాపడడం, భీమ్ స్నేహితురాలు చుట్కీకి ముందే అనుమానం రావడం చాలు. తెలిసిన కథ కళ్ల ముందు జరగడమే వాళ్లకి కొత్తదనం.

దీనికంటే దగ్గరగా తాకే ప్రయోగం 2006లో ప్రచురితమైంది. ఆట వస్తువు ఎక్కడ దాచారో టీవీ తెర మీద కనిపించే ఒక మనిషి రెండేళ్ల పిల్లలకి చెబుతుంది. ముందే రికార్డు చేసిన వీడియో చూసిన పిల్లల్లో ఎక్కువమంది ఆ మాట పట్టుకుని వెతకలేదు. మరో గుంపులో అదే మనిషి తెర మీద నుంచే ఐదు నిమిషాలు వాళ్లతో నిజంగా మాట్లాడింది, వాళ్లు చెప్పినదానికి బదులిచ్చింది. ఆ పిల్లలు మాత్రం ఆమె చెప్పిన చోటికి వెళ్లి వస్తువు తీశారు. రెండు సందర్భాల్లోనూ ఉన్నది తెరే. తేడా ఒక్కటే, ఎదుటి మనిషి తమ మాటకి స్పందించడం. ఆ ప్రయోగం నేర్చుకోవడం గురించి, నాటకాల గురించి కాదు. అయినా చిన్నపిల్లలు ఎవరిని నిజమైన మనిషిగా లెక్కలోకి తీసుకుంటారో దాని ద్వారా తెలుస్తోంది. ఈ లెక్కన, వినని భీమ్ పది అడుగుల దూరంలో నిలబడినా ఒకరకంగా టీవీలోనే ఉన్నాడు.

నమ్మకానికి ఇంకో వైపు భయం ఉంది. పోస్టర్ చూసి గంతులేసిన పిల్లాడు తీరా భీమ్ దగ్గరికొచ్చేసరికి నాన్న మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడవడం ప్రతి షోలోనూ కనపడుతుంది. దాంతో పెద్దవాళ్లకి చిరాకు వస్తుంది. "డబ్బులు పెట్టి తీసుకొస్తే ఏడుస్తావేంట్రా" అని ముందుకు తోస్తారు. దీనికి 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త రీటా డెవ్రీస్ చేసిన ప్రయోగం మంచి వివరణ ఇస్తుంది. మేనార్డ్ అనే సాధు పిల్లిని పిల్లల చేత నిమిరించి, తర్వాత దాని ముందు భాగాన్ని తెర చాటు చేసి ముఖానికి కుక్క మాస్క్ తొడిగారు. వెనక భాగం, తోక పిల్లలకి కనపడుతూనే ఉన్నాయి. అయినా మూడేళ్ల పిల్లల్లో చాలామంది అది కుక్కగా మారిపోయిందనే అనుకున్నారు. ఆరేళ్ల పిల్లలకి మాత్రం అది మాస్క్ వేసుకున్న పిల్లేనని తెలుసు. అంటే మూడేళ్ల పిల్లకి ఎదురుగా ఉన్నది డ్రెస్సు వేసుకున్న మనిషి కాదు. చేతిలో ఫోన్ అంత ఉండాల్సిన భీమ్, ఆరడుగుల ఎత్తులో, కదలని కళ్లతో, తన మీదికి వంగుతున్నాడు. ఆ ఏడుపులో పిరికితనమేమీ లేదు.

తెలిసిన బృందాలు దీనికి తగ్గట్టు జాగ్రత్తపడతాయి. మొదట పాత్రని స్టేజీ లోపలి భాగంలో, దూరంగా చూపిస్తారు. పాట అయ్యాకే ముందుకి తెస్తారు. ఫోటోల దగ్గర పాత్ర మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది, పిల్ల తనంతట తను నడిచి వస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలతో వెళ్లేవాళ్లు ముందు వరస టికెట్ కొనకపోవడమే మంచిది. అక్కడ స్పీకర్లు కూడా దగ్గర. పిల్లల చెవులకి వారానికి 40 గంటల పాటు 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ 40 గంటలు చాలా వేగంగా కరిగిపోతాయి.

సర్కస్ వదిలిన చోటు

అమెరికాలో ఈ షోలకి పెద్ద ఊపొచ్చింది 1980, 1981 సంవత్సరాల్లో. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలోని బొమ్మలు 1980లో ఊరూరూ తిరగడం మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడాది ఫెల్డ్ అనే వినోద ప్రదర్శనల కంపెనీ డిస్నీ పాత్రలతో మంచు మీద స్కేటింగ్ షో మొదలుపెట్టింది. అంతకు రెండేళ్ల ముందే ఆ కంపెనీ పాత ఐస్ షోలని కొనేసింది. అంటే లారీలు, స్కేటర్లు, హాళ్లతో ఒప్పందాలు అన్నీ అప్పటికే చేతిలో ఉన్నాయి. కార్టూన్ వచ్చి అందులో కూర్చుంది.

మన దగ్గర ఊరూరూ తిరిగి పిల్లల్ని అలరించే ఏర్పాటు అంటే సర్కసే. 1998 నాటి కేంద్ర నోటిఫికేషన్‌తో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులు బరిలోంచి వెళ్లిపోయాయి. 2011లో సుప్రీంకోర్టు పిల్లల చేత సర్కస్ చేయించడాన్ని ఆపించింది. రెండూ జరగాల్సిన మంచి పనులే. వాటి తర్వాత డేరాలు తగ్గాయి గానీ ఆ స్థానంలోకి ఏదీ పద్ధతిగా రాలేదు. 2008లో పోగోలో ఛోటా భీమ్, 2012లో నికెలోడియన్‌లో మోటూ పత్లూ వచ్చి దేశమంతా పాకేసరికి పాత్రలు సిద్ధంగా ఉన్నాయి, మోసుకెళ్లే బండి లేదు. అందుకే మన దగ్గర కార్టూన్ పాత్రలు ఎక్కువగా మాల్‌లో పది నిమిషాల డ్యాన్సుగా, పుట్టినరోజు ఫంక్షన్లో ఫోటోల కోసం వచ్చే డ్రెస్సుగా మిగిలిపోయాయి. పూర్తి నిడివి నాటకం అరుదు.

బొమ్మని మనిషిగా స్టేజీ ఎక్కించడం తెలుగువాళ్లకి కొత్త సంగతి కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడిన వనారస గోవిందరావు కుటుంబం అంతకు ముందు తోలుబొమ్మలు ఆడించేది. తెర మీద నీడగా ఆడిన భీముడు ఆ రోజు మనిషై స్టేజీ మీద నిలబడ్డాడు. ఆ తర్వాత సురభి వాళ్లు డేరాలు, తెరలు, పిల్లాపాపలతో ఊరూరూ తిరిగి మాయాబజార్‌లో మాయలన్నీ ప్రేక్షకుల కళ్లెదుటే చేసి చూపించారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క అనే హాస్య పాత్రలు ఉన్నాయి. రామాయణ కథ నడుస్తుండగా మధ్యలో దూరి, ఊళ్లో సంగతులెత్తి, ముందు కూర్చున్నవాళ్లతో పరాచికాలాడి వెళ్లిపోతారు. రాముడు పద్యం వదలడు, కథ దారి తప్పదు, కేతిగాడి వల్ల ఆట మాత్రం ఆ ఊరిదవుతుంది. ట్రాక్ మీద నడిచే కార్టూన్ షోకి లేనిది ఈ కేతిగాడే.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2020 చివర్లో మొదలైన, బ్లూయీ అనే అక్కడి కార్టూన్ స్టేజీ షో వేరే దారి పట్టింది. మనిషి బొమ్మ లోపల దూరడు. పెద్ద బొమ్మని పట్టుకుని ఆడించేవాళ్లు పిల్లలకి కనపడుతూనే ఉంటారు. గొంతులు అక్కడా రికార్డు చేసినవే. అయితే బొమ్మ చూపు ఎటు తిప్పాలో, ఏ వైపు చెవి ఒగ్గాలో ఆడించేవాడి చేతిలో ఉంటుంది. చివర్లో బెలూన్లని ప్రేక్షకుల్లోకి వదులుతారు. ఆ తర్వాత జరిగేది ఏ ట్రాక్‌లోనూ రాసి ఉండదు.

బెజవాడ లెక్క, గుంటూరు లెక్క

నాటకాలు, సర్కస్‌లు, సంగీత కచేరీల టికెట్ 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. దాటితే 18 శాతం. 2018 జనవరికి ముందు ఆ హద్దు 250గా ఉండేది. 499 టికెట్లు ఎక్కువగా కనపడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. 800 సీట్ల హాలు, సగటు టికెట్ 400, డెబ్భై శాతం నిండితే ఒక షోకి 2,24,000 రూపాయలు. మన ఊళ్లలో రెండో శనివారం తప్ప శనివారాలు బడి ఉంటుంది కాబట్టి శనివారం సాయంత్రం ఒక ఆట, ఆదివారం రెండు. మూడింటికీ కలిపి 6,72,000. ఇందులోంచి పాత్ర హక్కుదారుకి రాయల్టీ పోతుంది. తర్వాత హాలు అద్దె, సౌండు, లైట్లు, లారీ బాడుగ, పదిహేను ఇరవై మందికి బస, భోజనం. టికెట్ల సైటుకి కమీషన్, ఫ్లెక్సీలు, పోలీసు, అగ్నిమాపక శాఖ అనుమతులు, పాటల లైసెన్సు. హైదరాబాద్ నుంచి బెజవాడ 275 కిలోమీటర్లు, చెన్నై నుంచి దాదాపు 450. లారీ వచ్చేది కేవలం రెండు రోజుల కోసమైతే నిర్మాత ముందు కోసేది మనుషుల్నే. ఒక సహాయకుడు తగ్గుతాడు, యాంకర్ పోతాడు, తెలుగు ట్రాక్ చేయించే ఖర్చు వాయిదా పడుతుంది. పిల్లల మాట వినే ఏర్పాటు మాయమయ్యేది ఇక్కడే. కళ గురించి పట్టకపోవడం కన్నా ఈ లెక్కే ఎక్కువ పని చేస్తుంది.

అందుకే గుంటూరు సంగతి ముఖ్యమవుతుంది. రెండు ఊళ్ల మధ్య దూరం 35 కిలోమీటర్లు. గుంటూరు వాళ్లు ఎలాగూ బెజవాడ వచ్చేస్తారులే అని నిర్వాహకులు లెక్కేస్తారు. సినిమాకో షాపింగ్‌కో అయితే వస్తారు. ఐదేళ్ల పిల్లని తీసుకుని సాయంత్రం షోకి బయల్దేరి, రాత్రి తొమ్మిదిన్నరకి మంగళగిరి దాటి, కాజ టోల్‌గేట్ దగ్గర క్యూలో నిలబడి ఇంటికి చేరడం వేరు. నిద్రపోయిన పిల్లని ఒడిలో వేసుకుని చేసే ఆ ప్రయాణం తలచుకునే చాలామంది టికెట్ కొనరు. లారీ, డ్రెస్సులు, మనుషులు ఇంత దూరం వచ్చాక ఇంకో 35 కిలోమీటర్లు వెళ్లడానికి అయ్యేది చాలా తక్కువ. శని, ఆదివారాలు విజయవాడలో ఆడి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పూట బడుల కోసం తక్కువ టికెట్‌తో ఆటలు వేసి, మరుసటి శని, ఆదివారాలు గుంటూరులో ఆడితే ఖర్చు ఎక్కువ ఆటల మీద పరుచుకుంటుంది. తెనాలి పిల్లలకి కూడా గుంటూరు దగ్గర. బడి బస్సులు వారమంతా ఊళ్లోనే ఉంటాయి. ఇక్కడి కార్పొరేట్ బడుల్లో ఆరో తరగతి నుంచే ఆదివారం పరీక్షలు, ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి గనుక ఈ షోలకి దొరికేది మూడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లే. ఆ వయసు పిల్లలు పొద్దున పదకొండుకి హుషారుగా ఉంటారు. సాయంత్రం ఆరున్నర ఆటకి సగంమంది అలిసిపోయి వస్తారు.

తేదీలు కూడా ఊరిని చూసి పెట్టాలి. దసరా సెలవులు మంచి సమయమని బయటి నిర్వాహకులకి అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులతో బెజవాడ నిండిపోతుంది, దారులు మళ్లిస్తారు, పోలీసులంతా ఆ బందోబస్తులో ఉంటారు. సంక్రాంతికి ఊరే సగం ఖాళీ అవుతుంది. మే నెల పర్వాలేదు, ఏసీ హాలైతేనే.

హాలు ఎంపికలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. నాటకాల కోసం కట్టిన తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట పిల్లలకి స్టేజీ కనపడుతుందా అన్న ఆలోచన ఎంతో కొంత ఉంటుంది. ఫంక్షన్ హాల్ నేల చదునుగా ఉంటుంది, కుర్చీలు పెళ్లికి వేసినట్టు వేస్తారు. ఐదో వరస నుంచి పిల్లలకి కనపడేది ముందున్న పెద్దాయన వీపే. దాంతో అందరూ పిల్లల్ని భుజాలకెత్తుకుంటారు, వెనకవాళ్లకి అదీ పోతుంది. స్టేజీ ముందు చాపలు పరిచి పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టి పెద్దవాళ్లని వెనక్కి పంపితే సగం గొడవ తీరుతుంది.

హక్కుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కార్టూన్ పాత్ర రూపం 1957 కాపీరైట్ చట్టం కింద కళాకృతి. దాన్ని డ్రెస్సుగా కుట్టడం కూడా కాపీ చేయడం కిందకే వస్తుంది. పేరు, బొమ్మ ట్రేడ్‌మార్కుగా నమోదై ఉంటే 1999 చట్టం కూడా వర్తిస్తుంది. అనుమతి లేకుండా టికెట్ పెట్టి ఆడేవాళ్లు పట్టుబడకపోవచ్చు, కానీ నష్టపోయేది పిల్లలే. రంగు తేడా, నోరు వంకర, తోక ఊడిన కోతి జగ్గు, విరామంలో అందరి ముందూ తల తీసి చెమట తుడుచుకునే మోటూ. అనుమతి తీసుకున్న షోల్లో ప్రేక్షకుల ఎదుట తల తీయకూడదన్న నియమం గట్టిగా ఉంటుంది. మేనార్డ్ పిల్లి ప్రయోగం గుర్తుంటే ఆ నియమం విలువ అర్థమవుతుంది.

కేతిగాడి ఉద్యోగం

ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లో, రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థలో. పిల్లలు టీవీలో తెలుగులోనూ వింటున్నారు. అలాంటి పాత్ర బెజవాడ స్టేజీ మీద తెలుగులో మాట్లాడాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. దేశమంతా తిప్పడానికి తయారుచేసే షోలు మొదట హిందీలోనో ఇంగ్లీషులోనో రావడం సహజం. పోస్టర్ మీద ఏ భాషో రాయకపోవడం మాత్రం అన్యాయం. కార్టూన్ల పుణ్యమా అని మన పిల్లలకి హిందీ కొంత అర్థమవుతుంది, నిజమే. అర్థం చేసుకోవడం వేరు, నిండు హాల్లో లేచి నిలబడి జవాబు అరవడం వేరు. రెండోది పిల్లలు ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలోనే చేస్తారు.

పూర్తి తెలుగు ట్రాక్ చేయించలేని నిర్వాహకుడికి కూడా ఒక దారి ఉంది. తల తొడుక్కోని, చేతిలో మైకున్న ఒక తెలుగు మనిషిని కథలోకి తేవాలి. ధోలక్‌పూర్‌కి లడ్డూలు మోసుకొచ్చిన బెజవాడ వ్యాపారి కావచ్చు, దారి తప్పిన ఆటో డ్రైవర్ కావచ్చు. భీమ్ ప్రశ్నని పిల్లలకి అందించేది అతను, పిల్లల జవాబుని భీమ్ చెవిలో చెప్పేది అతను. భీమ్ కొత్తగా ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు కాబట్టి గొంతు విషయంలో హక్కుదారు పెట్టిన షరతు చెక్కుచెదరదు. తల ఊపితే చాలు, ఆశ్చర్యపోయి పిల్లలు చూపించిన వైపు తిరిగితే చాలు.

దీనికి తగ్గట్టు ట్రాక్‌ని ఒకే పొడుగు ఫైలుగా ఉంచకుండా ముక్కలుగా కోయాలి. ప్రతి ప్రశ్న దగ్గరా ట్రాక్ ఆగుతుంది, కింద సన్నగా సంగీతం తిరుగుతూ ఉంటుంది. పిల్లలు చెప్పడం అయిందని ఆ మైకున్న యాంకర్ సైగ చేశాక ఆపరేటర్ తర్వాతి ముక్క వదులుతాడు. కుడి అంటే ఒకటి, ఎడమ అంటే ఒకటి, రెండు డైలాగులు రికార్డు చేసి పెట్టుకుంటే భీమ్ నిజంగానే పిల్లలు చెప్పిన వైపు పరుగెత్తగలడు. ఒక ల్యాప్‌టాప్ మీద నడిచే మామూలు క్యూ సాఫ్ట్‌వేర్, అంటే సైగకి ఒక్కో ముక్క వదిలేది, ఇవన్నీ చేస్తుంది. లారీలో కొత్తగా ఎక్కించాల్సిన సామాను ఏమీ లేదు.

మనుషుల కొరత అసలే లేదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం రేడియో నాటకాలకి పేరుపడ్డది. పరిషత్తు నాటకాలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకా బతికే ఉన్నాయి. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగినప్పుడు బాలల నాటిక ఒక పోటీ విభాగం. నాలుగు వందల మంది పిల్లల అల్లరిని పట్టుకుని, దాన్నే కథలోకి మళ్లించగల నటులు ఈ రెండు ఊళ్లలో దొరుకుతారు. వాళ్లకి రెండు రోజుల రిహార్సల్, గౌరవంగా ఉండే పారితోషికం ఇస్తే పై లెక్కలో ఒక ఆటకి ఓ యాభై సీట్ల డబ్బు అవుతుందేమో. నిర్వాహకులు తమంతట తాము ఆ ఖర్చు పెట్టకపోతే పెట్టించగలిగేది టికెట్ కొనేవాళ్లే. బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగాలి: షో ఏ భాషలో ఉంటుంది, పిల్లలతో నేరుగా మాట్లాడే మనిషి స్టేజీ మీద ఉంటాడా, ఎంతసేపు ఆడతారు, హాలు నేల చదునా వాలా. మూడేళ్ల పిల్లతో వెళ్లేవాళ్లు ఐదోది కూడా అడగవచ్చు, మధ్యలో పిల్ల భయపడి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానిస్తారా అని.